నదికి అవతలి ఒడ్డు: 15 యూరోల్లో ఫ్రాన్సు వైన్

గురువారం, లియోన్

మా తమ్ముడు లియోన్‌లో ఉద్యోగం చేస్తాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే పాట, "అక్కా, సెప్టెంబరు చివర్లో రా, కోతలు అయిపోతుంటాయి, ఊళ్లు ఊళ్లే వైన్ వాసనేస్తాయి" అని. వచ్చాను. కారు వాడిది, పెట్రోలు నాది. షరతు మాత్రం మరదలు పెట్టింది. ఏ సీసా 15 యూరోలు దాటకూడదు. మొగుడి సంగతి ఆమెకి తెలుసు కదా. రైతు స్వయంగా గ్లాసు చేతికిచ్చి ఎదురుగా నిలబడితే చాలు, మొహమాటానికి పెట్టె కొనుక్కుని వస్తాడు.

రాత్రి భోజనాల దగ్గర మ్యాపు పరుచుకుని కూర్చున్నాం. ఫ్రాన్సు వైన్ సీసా మీద చాలాచోట్ల ద్రాక్ష రకం పేరు ఉండదు, ఊరి పేరు ఉంటుంది. ఆ పేరు వేసుకోవాలంటే తోట ఏ హద్దుల్లో ఉండాలి, ఏ రకం నాటాలి, హెక్టారుకి దిగుబడి ఎంత మించకూడదు, అన్నీ చట్టంలో రాసి ఉంటాయి. దీన్ని ఆపెల్లాసియోన్ అంటారు. 1935లో చట్టం వచ్చింది, మొదటి పేర్లు 1936లో ఖాయమయ్యాయి. అంటే అక్కడ సీసా ధరలో చాలాభాగం మ్యాపు మీద గీసిన గీతదే. గీత దగ్గర రేటు టక్కున ఆగిపోతుంది. మట్టి అలా ఆగదు. మేం వెతకబోయేది గీతకి కాస్త ఇవతల ఉన్న ఊళ్లని.

శుక్రవారం, బోన్

ఖరీదైన వైన్లకి పేరున్న బర్గండీ ప్రాంతానికి వెళ్లి 15 యూరోల్లో వైన్ వెతకడం అంటే జూబ్లీహిల్స్‌లో చవక ప్లాటు వెతకడమే. అయినా మొదలుపెట్టాల్సింది ఇక్కడే అన్నాడు తమ్ముడు. గీత అంటే ఏమిటో కళ్లతో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదట.

బోన్ ఊళ్లో ముందు పాత ధర్మాసుపత్రి చూశాం. రంగు రంగుల పెంకుల కప్పు, లోపల వరసగా ఎర్ర దుప్పట్ల మంచాలు. 1443లో బర్గండీ ప్రభువు దగ్గర పనిచేసిన నికొలా రొలాన్ పేదల కోసం కట్టించాడు. తర్వాత దాతలు ద్రాక్షతోటలు రాసిచ్చారు. ఆ తోటల వైన్‌ని ఏటా నవంబరులో వేలం వేస్తారు, 1859 నుంచీ ఇదే రివాజు. భవనం ఇప్పుడు మ్యూజియం, వేలం డబ్బు ఇప్పటికీ ఆసుపత్రికే.

తర్వాత ఉత్తరంగా 974 నంబరు రోడ్డు ఎక్కాం. ఎడమ చేతి వైపు తూర్పుకి వాలిన కొండవాలు, కుడి చేతి వైపు చదును నేల. వాలు నడిమధ్యలో ఉన్నవి అన్నిటికన్నా పై మెట్టు తోటలు, గ్రాన్ క్రూ, వాటి చుట్టుపక్కల రెండో మెట్టువి, ప్రిమియే క్రూ, ఇంకా కిందికి వస్తే ఊరి పేరుతో అమ్మేవి. రోడ్డు దాటి చదునులోకి వెళ్తే చాలావరకు ఉత్త 'బోర్గోన్', అంటే ఫ్రెంచిలో బర్గండీ. నాలుగు మెట్లు. ప్రతి మెట్టుకీ ధర మారిపోతుంది.

వోన్ రొమానే ఊరి వెనక రొమానే కోంటీ తోట ఉంది. మొత్తం 1.8 హెక్టార్లు. మోకాలెత్తు రాతి గోడ, ఒక రాతి శిలువ, దయచేసి లోపలికి రావద్దని ఒక బోర్డు. సీసా వేల యూరోలు పలుకుతుంది. మేం వెళ్లేసరికి కోత అయిపోయింది. కొరియా నుంచి వచ్చిన జంట ఒకటి శిలువ దగ్గర వంతులవారీగా ఫొటోలు తీసుకుంటోంది. నేను చూసింది మాత్రం ఆ గోడకి ఆనుకుని ఉన్న దారిని. నాలుగు అడుగుల వెడల్పు మట్టి దారి. అటు మొక్కకీ ఇటు మొక్కకీ నా కంటికి తేడా ఏమీ కనబడలేదు. తేడా ఉందని క్రైస్తవ సన్యాసులు వందల ఏళ్లు రుచి చూసి తేల్చారట, సరే.

పక్కనే క్లో ద వూజో. సిస్టర్షియన్ సన్యాసులు గోడ కట్టిన దాదాపు 50 హెక్టార్ల తోట. ఫ్రెంచి విప్లవం తర్వాత వాళ్ల చేతుల్లోంచి పోయింది. ఆపైన అమ్మకాలు, పంపకాలు. ఇప్పుడు ఆ ఒక్క గోడ లోపల సుమారు 80 మంది యజమానులున్నారు. సీసాల మీద పేరు ఒకటే, వైన్లు 80 రకాలు. అందుకే బర్గండీలో తోట పేరు చూసి మురిసిపోయి లాభం లేదు, చేసినవాడి పేరు తెలియాలి. ఆ పేరు తెలిసిన సీసా మాకు అందదు.

సాయంత్రం బోన్‌లో ఒక దుకాణంలో రుచి చూడ్డానికే తలా 20 యూరోలు అన్నారు. నవ్వేసి బయటికొచ్చాం. వేరే చోట 11 యూరోలకి క్రెమాన్ ద బోర్గోన్ దొరికింది. షాంపేన్ చేసే పద్ధతే, సీసాలోనే రెండోసారి పులియబెట్టి నురగ తెప్పిస్తారు. షాంపేన్ అన్న పేరు వేసుకునే హక్కు లేదు, అంతే. మొదటి రోజు బోణీ.

శనివారం, బూజ్‌రోన్, జివ్రీ

పొద్దున బోన్ సంతలో జున్ను ముక్కలు రుచి చూస్తూనే కడుపు నిండిపోయింది. తర్వాత దక్షిణంగా, బర్గండీలోనే ఉన్న కోట్ షలొనేజ్ వైపు దిగాం. ఇక్కడ టూరిస్టు బస్సులుండవు. ఊళ్లో ఒక చర్చి, ఒక బేకరీ, గుమ్మం మీద 'వైన్ అమ్మబడును' అని చేత్తో రాసిన అట్టముక్క. అదే మాకు కావలసింది.

జివ్రీలో ఒక పెద్దాయన ట్రాక్టరు కడుగుతూ కనబడ్డాడు. చేతులు తుడుచుకుని సెల్లార్లోకి తీసుకెళ్లాడు. ఎర్ర వైన్ చాలా బాగుంది, 19 యూరోలు. నేను తమ్ముడి వైపు చూశాను, వాడు పైకప్పు వైపు చూశాడు. షరతు షరతే.

15 లోపల దొరికింది అలిగోతే. బర్గండీలో తెల్ల వైన్ అంటే అందరూ షార్డనే ద్రాక్ష పేరే చెబుతారు. అలిగోతే దాని పక్కన పెరిగే పేద బంధువు, పులుపు ఎక్కువ. బూజ్‌రోన్ ఒక్క ఊరికే అలిగోతేని ఊరి పేరుతో అమ్ముకునే హక్కుంది. ఆ పేరుతో ఉన్నది షరతు అంచున ఉంది, ఊరి పేరు లేని మామూలు బోర్గోన్ అలిగోతే 11 యూరోలు. ఎండలో తిరిగొచ్చినవాళ్లకి ఆ పులుపు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. దీంట్లో బ్లాక్‌కరంట్ అనే చిన్న నల్ల పండ్ల లిక్కరు కొంచెం కలిపితే కీర్ అనే పానీయం. ఆ పేరు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దిజోన్ మేయరుగా చేసిన ఫెలిక్స్ కీర్ అనే ఫాదరీది. వచ్చిన అతిథులందరికీ ఇదే పోసేవాడట.

రాత్రికి లియోన్ వచ్చేశాం.

ఆదివారం, ఇల్లు

ఫ్రాన్సులో ఆదివారం పల్లెల్లో తలుపు తట్టడం మర్యాద కాదు. మరదలు కోడిపులుసు, వంకాయ వేపుడు చేసింది. పనిలో పనిగా మన కారానికి ఏది నప్పుతుందో చూశాం. ఇంట్లో ఉన్న ఒక బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్ తీస్తే పులుసుతో కలిసి నోరంతా వగరు, చేదు. కారానికి వగరూ ఆల్కహాలూ తోడైతే మంట ఇంకా రేగుతుంది. క్రెమాన్ ఫరవాలేదు. అన్నిటికన్నా బాగా కలిసింది ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తీసిన ఒక ఫ్లూరీ, వగరు దాదాపు లేని ఎరుపు. "రేపు దాని ఊరికే కదా వెళ్తున్నాం" అంది మరదలు. తనూ వస్తానంది. వద్దనడానికి మేమెవరం?

సోమవారం, బోజోలే

లియోన్ నుంచి గంట కూడా పట్టదు. బోజోలే అనగానే వైన్ తెలిసినవాళ్లు ముక్కు చిట్లిస్తారు. నవంబరు మూడో గురువారం విడుదలయ్యే నూవో వల్ల వచ్చిన చెడ్డపేరు అది. కోసిన కొద్ది వారాలకే సీసాలో పోసి ప్రపంచమంతా పంపే లేత వైన్. కానీ ఆ పేరు చాటున ఉత్తరాన పది ఊళ్లున్నాయి: మోర్గోన్, ఫ్లూరీ, మూలాన్ ఆ వాన్, షేనా, జూలియెనా, షిరూబ్ల్, రెన్యే, సాన్తామూర్, బ్రూయీ, కోట్ ద బ్రూయీ. వీటిని బోజోలే క్రూ అంటారు. చాలా సీసాల మీద ఊరి పేరే పెద్దగా ఉంటుంది, బోజోలే అన్న మాట వెతుక్కోవాలి. ఎందుకు దాస్తారో చెప్పక్కర్లేదు.

ఇక్కడి ద్రాక్ష గమే. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ దీన్ని దుష్టమైన, నమ్మకద్రోహి మొక్క అని తిట్టి, తన తోటల్లోంచి పీకించేయమని హుకుం ఇచ్చాడు. ఎక్కువ కాసేది, అందుకని రైతులు పీనో న్వార్ ద్రాక్ష తీసేసి దీన్ని నాటేవారు. ప్రభువుగారి పరువు పోయేది. గమే మాత్రం దక్షిణంగా వచ్చి ఈ గ్రానైట్ కొండల్లో స్థిరపడింది. సున్నపురాతి నేల మీద మామూలుగా ఉండే మొక్క ఇక్కడ రాణించింది. ఆరు వందల ఏళ్ల కిందటి తిట్టు ఇవాళ్టికీ ధర తగ్గిస్తూనే ఉందని నా అనుమానం.

మోర్గోన్‌లో మేం వెళ్లిన ఇంట్లో పులియబెట్టడం జరుగుతోంది. సిమెంటు తొట్లు, పైన మూతలు. తొట్టి పక్కన నిలబడితే ముక్కుపుటాలు మండాయి. అది కార్బన్ డయాక్సైడ్. తొట్టిలోకి తొంగిచూడొద్దని ఆయన మమ్మల్ని చెయ్యడ్డం పెట్టి ఆపాడు. ఏటా ఎవరో ఒకరు కళ్లు తిరిగి పడిపోతారట. ద్రాక్షని తొక్కకుండా గుత్తులు గుత్తులుగా తొట్టిలో వేస్తారు. ఆ గాలిలో పండు లోపలే పులవడం మొదలవుతుంది. రంగు, పండు వాసన దిగుతాయి, వగరు తక్కువ దిగుతుంది. నిన్న పులుసుతో అది ఎందుకు కలిసిందో అప్పుడర్థమైంది.

ఆయన పోసిన మోర్గోన్ కోట్ దు పీ అనే కొండ మీది పాత తీగలది. అవి నడుమెత్తు కూడా లేవు, మొదళ్లు మాత్రం నా పిడికిలి కన్నా లావు. 14 యూరోలు. ఇదే శ్రమ, ఇదే వయసు తీగ, చేత్తో కోత. గంటన్నర ఉత్తరాన దీనికి కనీసం మూడు రెట్లు కట్టాలి. నాలుగు సీసాలు తీసుకున్నాం. మూలాన్ ఆ వాన్ కూడా చూశాం, పేరుకి తగ్గట్టే గాలిమర ఉంది, రెక్కలు తిరగడం లేదు. అక్కడి వైన్ గట్టిది, కొన్నేళ్లు దాచుకోవచ్చు. కానీ పేరున్నది, 17 చెప్పారు. పక్క ఊరు షేనా, పది క్రూల్లో అన్నిటికన్నా చిన్నది. ఎవరూ అడగరు కాబట్టి 12. ఆ రెండు ఊళ్ల తోటలూ పక్కపక్కనే ఉంటాయి. షేనా రెండు.

మరదలు ఆ రోజు మూడు చోట్ల బేరం ఆడబోయింది. ఫ్రెంచి రైతు దగ్గర బేరం పనిచేయదు. పన్నెండు సీసాల పెట్టె కొంటే మాత్రం తనే ఒకటి ఊరికే ఇస్తాడు.

మంగళవారం, జిగొందాస్

దక్షిణానికి హైవే. పేరున్న తోటల తాన్ లెర్మితాజ్ కొండ కారు కిటికీలోంచే చూశాం. మిస్త్రాల్ గాలి కారుని పక్కకి తోస్తోంది. ఈ గాలే ఇక్కడ రైతుకి తోటకి కొట్టే మందుల ఖర్చు సగం తప్పిస్తుందట, ఆకులు తడారిపోయి బూజు పట్టదు.

జిగొందాస్ అందమైన ఊరు, వెనక రంపపు పళ్లలాంటి సున్నపురాతి శిఖరాలు. ఊరి రైతులు కలిసి నడిపే రుచి గదిలో ఒకేచోట చాలామంది వైన్లు చూడొచ్చు. బాగున్నాయి, 20 పైన ఉన్నాయి. 1971లో సొంత పేరు వచ్చిన ఊరు. అప్పటిదాకా ఇదీ కోట్ దు రోన్ అనే ఉమ్మడి పేరు కింద ఒకటే. అదే దారిలో వాకేరాస్‌కి 1990లో, కేరాన్‌కి 2016లో వచ్చింది. పేరు వచ్చిన కొన్నేళ్లకి ధర పైకి పాకుతుంది. కేరాన్ ఇంకా పాకుతోంది, 13కి దొరికింది. ఇంకో పదేళ్లకి దొరక్కపోవచ్చు.

బుధవారం, షాతోనెఫ్ దు పాప్, లిరాక్

14వ శతాబ్దంలో పోపులు రోముని వదిలి అవిన్యోన్‌లో కాపురం పెట్టారు. వాళ్లలో ఇరవై రెండో జాన్ వేసవి విడిదిగా కట్టించిన కోట ఈ ఊరి గుట్ట మీద ఉంది. ఇప్పుడు శిథిలమే మిగిలింది. అప్పటికే పాడుపడ్డ కోటలో నిలిచి ఉన్న బురుజుని 1944లో వెళ్లిపోతూ జర్మన్లు పేల్చేశారు. ఊరిపేరుకి అర్థమే పోపుగారి కొత్త కోట. వైన్ సీసా మీద పోపు కిరీటం, తాళంచెవులు ఉబ్బెత్తుగా పోత పోసి ఉంటాయి. 1954లో ఈ ఊరి మేయరు తమ తోటల్లో ఎగిరే పళ్లాలు దిగకూడదని ఉత్తర్వు కూడా ఇచ్చాడు. పేరు ఎలా కాపాడుకోవాలో వీళ్లని చూసి నేర్చుకోవాలి.

తోటల్లో మట్టి కనబడదు. అన్నీ గుండ్రటి రాళ్లే, కొన్ని నా రెండు అరచేతుల్లో పట్టనంతవి. ఒకప్పుడు రోన్ నది దొర్లించుకొచ్చి వదిలేసినవి. మధ్యాహ్నం మూడింటికి ఒకటి ఎత్తితే చెయ్యి చురుక్కుమంది. పగటి వేడి దాచుకుని రాత్రి తీగకి ఇస్తాయంటారు. గ్రెనాష్ ద్రాక్షకి అది ఇష్టం. మొత్తం 13 రకాల ద్రాక్ష వేసుకోవచ్చని చట్టం, ఎక్కువమంది గ్రెనాష్, సిరా, మూర్వెద్ర్‌తో సరిపెడతారు. మేం రుచి చూసిన సీసా 36 యూరోలు. బాగుంది. నిజంగా బాగుంది. చాలాసేపు నోట్లో నిలిచింది.

తర్వాత వంతెన దాటి నదికి పడమటి ఒడ్డుకి వెళ్లాం. లిరాక్. కారు దిగగానే తమ్ముడు "చూడక్కా" అన్నాడు. అవే రాళ్లు. అంతే పెద్దవి, అవే నునుపు. అవే ద్రాక్షలు, అదే గాలి. సెల్లార్లో ఉన్నావిడ మా వయసే ఉంటుంది, చేతివేళ్లు ఊదారంగు పట్టి ఉన్నాయి. ధర తేడా గురించి తమ్ముడు అడిగితే నవ్వి, రాళ్లు రెండు ఒడ్లకీ వచ్చాయి గానీ పోపు అటే దిగాడు అంది.

ఆవిడ లిరాక్ ఎరుపు 13 యూరోలు. రెండు గ్లాసులూ కళ్లకి గంతలు కట్టి ఇస్తే తేడా చెప్పగలనా అంటే, చెప్పగలననుకుంటా. షాతోనెఫ్ లోతు దీనికి లేదు. కానీ ఆ లోతుకి ఇంకో 23 యూరోలు పెడతానా అంటే పెట్టను.

ఈ ఒడ్డుకి ఒకప్పుడు పేరు లేదనుకోకండి. ఇక్కడి రోక్‌మోర్ పెద్ద రేవు. 1737లో నకిలీలని ఆపడానికి ఇక్కడి పీపాల మీద సి.డి.ఆర్. అని కాల్చి ముద్ర వేయాలని రాజశాసనం వచ్చింది. కోట్ దు రోన్ అన్న పేరు వైన్‌కి అలా స్థిరపడింది. 1860ల్లో ఈ పక్కనే పుజో అనే ఊళ్లో తీగలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. అమెరికా మొక్కలతో వచ్చిన ఫిలాక్సెరా పురుగు అది, వేళ్ల రసం పీల్చేసేది. తర్వాత ఫ్రాన్సు తోటలు చాలావరకు నాశనమయ్యాయి. చివరికి అమెరికా వేరుకే ఫ్రాన్సు తీగ అంటుకట్టి బతికించుకున్నారు. ఇవాళ మనం తాగేది దాదాపు అంతా అంటు మొక్కలదే.

ఆరు సీసాల పెట్టె కారెక్కింది. వాడి మొహమాటానికి ఈసారి నేనూ తోడయ్యాను.

గురువారం, పినే

సముద్రపు ఒడ్డు లాంగ్‌డాక్. 'తో' అనే సరస్సులో చట్రాలకి వేలాడదీసి ఆల్చిప్పలు పెంచుతారు. దాని ఒడ్డునే పిక్‌పూల్ ద పినే అనే తెల్ల వైన్. ఉప్పు గాలి, నిమ్మ పులుపు, 7 యూరోలు. బూజీగ్ అనే ఊళ్లో నీళ్ల పక్కన కూర్చుని ఆల్చిప్పలతో తాగాం. నాకు పచ్చి ఆల్చిప్ప గొంతు దిగలేదు, వైన్ దిగింది.

ఈ ప్రాంతంలో రైతులు ఎక్కువమంది సహకార సంఘాల్లో ఉంటారు. దాని వెనక పెద్ద కథే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ధర పడిపోయింది, చక్కెర నీళ్లతో చేసిన దొంగ వైన్ మార్కెట్‌ని ముంచేసింది. 1907లో అర్జెలియేకి చెందిన మార్సెలాన్ ఆల్బేర్ అనే కేఫ్ యజమాని ముందు నిలిస్తే లక్షల మంది రోడ్డెక్కారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. ఒక రెజిమెంటు సైనికులు, వాళ్లూ రైతుబిడ్డలే, తిరగబడ్డారు. కల్తీ మీద గట్టి చట్టాలు ఆ తర్వాతే.

సంఘం గోడౌన్‌లో గోడకి స్టీలు కుళాయిలు, మీటర్లు. ఊరివాళ్లు ఖాళీ క్యానులు తెచ్చుకుంటారు. మీట నొక్కితే క్యాన్ నిండుతుంది, లీటరు లెక్కన డబ్బు. ఒక ముసలాయన 'రోజే' అనే గులాబీరంగు వైన్ నింపుకుని, మూత బిగించి, పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ సైకిలెక్కాడు. లీటరు 2 యూరోల చిల్లర. గొప్పగా ఏమీ లేదు, తాగడానికి హాయిగా ఉంది. వారం లోపు తాగేయాలి, గాలి తగిలితే పాడవుతుంది.

శుక్రవారం, తిరుగు దారి

మోంపెలియే బయట సూపర్‌మార్కెట్లో ఆగాం. సెప్టెంబరులో వీటిలో 'ఫ్వార్ ఓ వాన్' పేరుతో వైన్ సంత పెడతారు. అసలు పరీక్ష ఇక్కడే, ఎందుకంటే రుచి చూపించేవాళ్లు ఉండరు, లేబులే దిక్కు. నేను నేర్చుకున్నంతలో, 'మిజాన్ బుతేయ్ ఓ దొమేన్' అంటే తోటలోనే సీసాలో నింపినది. చాలా సీసాల మూతి రేకు మీద ఆడమనిషి తల బొమ్మతో చిన్న పన్నుముద్ర ఉంటుంది, దాని మీద 'ఆర్' అక్షరం ఉంటే పండించినవాళ్లదని గుర్తు. భుజాన పీపా మోస్తున్న మనిషి గుర్తు స్వతంత్ర రైతుల సంఘానిది. 'గ్రాన్ వాన్', 'రిజర్వ్', 'పాత తీగలు' అన్న మాటలకి ఇక్కడ చట్టంలో కచ్చితమైన అర్థం లేదు, బంగారు రంగులో వేసినా సరే. ఇలా జల్లెడ పట్టి ఫోజేర్ అనే ఊరి వైన్ ఒకటి 9 యూరోలకి తీసుకున్నాం, ఇంటికొచ్చి తెరిస్తే బాగానే ఉంది.

నేను వెంట తీసుకెళ్లగలిగింది తక్కువ. మన కస్టమ్స్ వాళ్లు సుంకం లేకుండా 2 లీటర్లే వదులుతారు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు పెడితే మూడోది పట్టదు. దిగుమతి వైన్ మీద మన దేశంలో ఏళ్ల తరబడి 150 శాతం సుంకం, దాని మీద రాష్ట్రం పన్నులు. అందుకే ఇలాంటి 13 యూరోల ఊళ్లవి హైదరాబాద్ షాపులకి రానే రావు, వచ్చేవి పేరున్నవే. చీరల మధ్య చుట్టి ఒక లిరాక్, ఒక మోర్గోన్ పెట్టుకున్నాను. మిగతావన్నీ మరదలు లెక్కపెట్టి అల్మారాలో పెట్టి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది.